ఎర్రమట్టి, ఉప్పునీళ్ళు, ఈతకొలను రోబో

కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఇంట్లో స్విమ్మింగ్ పూల్ అంటే వినేవాళ్ళకు ముందు నవ్వొస్తుంది. ఇక్కడ ఈత అంటే బావి. నడుముకు బెండో, ఎండిన సొరకాయ బుర్రో కట్టి గట్టుమీంచి తోసేసేవాళ్ళు. నాలుగు గుక్కలు మింగాక ఈత అదే వచ్చేది. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరాతో పత్తికొండలోనే చనిపోతే, ఆయన గుర్తుగా ఈ ఊళ్ళో నాటించింది ఒక తోపు, తవ్వించింది ఒక రాతిమెట్ల బావి. విగ్రహం మద్రాసుకు దక్కింది, నీళ్ళు మనకు దక్కాయి.

అయినా పూల్ ప్రశ్న మన గడప దాకా వచ్చేసింది. హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట తోటల్లో పూల్ లేని ఫారంహౌస్‌ను అద్దెకు అడిగేవాళ్ళు తక్కువ. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లోనో ఇళ్ళు కొన్న తెలుగువాళ్ళ పెరట్లో పూల్ ఉండటం మామూలు సంగతి. సెలవులకు వచ్చిన కొడుకు తోటలో కట్టించిన పూల్ చూసి, "ఒక రోబో పంపిస్తాలే నాన్నా, దాని పాటికి అది కడుక్కుంటుంది" అంటాడు. తండ్రి సరేనంటాడు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ 'సరే' తర్వాత మొదలవుతాయి.

రోబో ఎంపిక మీద దొరికే సలహాలు దాదాపు అన్నీ మూడింటిని ఉన్నట్టే అనుకొని రాసినవి: మెత్తటి నీళ్ళు, నిలకడైన కరెంటు, ఫోన్ చేస్తే వచ్చే మెకానిక్. పశ్చిమ కర్నూలులో ఈ మూడూ అనుమానమే. అందుకే ఆ సలహాల్లో ఏది ఇక్కడ నిలుస్తుంది, ఏది నిలవదు అని తేల్చుకోవడమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్తాను. ఇక్కడ రోబోను అది మిగిల్చే నీళ్ళతోనూ, చెడిపోతే బాగుచేయించుకునే వీలుతోనూ తూచాలి. యాప్, దారి చూపే గైరో, నాలుగు రంగుల లైట్లు ఆ తర్వాతి మాట.

ముందు యంత్రం సంగతి. పూల్‌ను దానంతటదే శుభ్రం చేసే పరికరాలు మూడు రకాలుగా ఉన్నాయి. పూల్ పంపు నీళ్ళను లాగే పీల్పుతో నడిచేది ఒకటి. దక్షిణాఫ్రికాలో 1974లో వచ్చిన క్రీపీ క్రాలీ ఆ జాతిది. పంపు నెట్టే నీటి వేగంతో నడిచేది ఇంకొకటి. ఈ రెండింటికీ పంపు ఆడుతూ ఉండాలి, మొదటిది లాగిన మట్టిలో చాలాభాగం మీ ఫిల్టర్‌కే చేరుతుంది. మూడోది రోబో. దీనికి సొంత మోటార్లు, సొంత బుట్ట ఉంటాయి. డాల్ఫిన్ రోబోలు చేసే మేట్రానిక్స్ ఇజ్రాయెల్‌లో ఒక కిబ్బుట్జ్‌లో 1983లో మొదలైన కంపెనీ. ఇప్పుడు పొలారిస్, హేవర్డ్ లాంటి పాత పేర్లతో పాటు ఐపర్, బీట్‌బాట్, వైబాట్ వంటి చైనా బ్రాండ్లూ ఉన్నాయి.

ఏ బ్రాండైనా లోపలి కథ ఒకటే. కింద నోటితో నీళ్ళు పీల్చి, బుట్టలోని వలలో చెత్త ఆపి, పైనుంచి నీళ్ళను బలంగా చిమ్ముతుంది. ఆ చిమ్మే విసురే దాన్ని నేలకు, గోడకు అదిమి పెడుతుంది. గోడ ఎక్కడం అనే గారడీ అంతా నీళ్ళు చిమ్మే ఆ ఒక్క ఫ్యాను మహిమ. ఫ్యానుకు వెంట్రుకలు చుట్టుకున్న రోజున రోబో గోడ మొదట్లోనే నిలబడి జారిపోతుంది. ఓనరు మాత్రం సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటాడు.

ఇక నీళ్ళ లెక్క. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అమ్మేవాళ్ళెవరూ ఈ లెక్క చెప్పరు.

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న పూల్‌లో దాదాపు 45,000 లీటర్లు పడతాయి. నడి ఎండాకాలంలో గాలి కూడా తోడైతే రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది. అంటే 320 లీటర్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా సగటున 8 మిల్లీమీటర్లు వేసుకున్నా నాలుగు నెలల్లో 30,000 లీటర్ల పైమాటే. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. దీన్ని ఏ రోబో ఆపలేదు. ఆపగలిగేది కవర్ ఒక్కటే. కవర్ వేస్తే మళ్ళీ నింపాల్సిన నీళ్ళు 30 నుంచి 50 శాతం తగ్గుతాయని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మన గాలికి దుమ్ము పడకుండా ఆపడం అదనపు లాభం.

రోబో మిగిల్చేది వేరేచోట. చేత్తో వాక్యూమ్ కొట్టేటప్పుడు మట్టి ఎక్కువుంటే వాల్వును వేస్ట్ వైపు తిప్పి నీళ్ళను బయటికి వదిలేస్తారు. గంటకు 10,000 లీటర్లు తోడే పంపుతో పావుగంట పనికి 2,500 లీటర్లు చేలోకి పోతాయి. వేస్ట్ వైపు తిప్పకుండా ఫిల్టర్ గుండా లాగితే మట్టి దానిలోని ఇసుకలో చేరి బ్యాక్‌వాష్, అంటే నీళ్ళను ఎదురు పంపి ఫిల్టర్‌ను కడగడం, త్వరగా అవసరమవుతుంది. మూడు నిమిషాల బ్యాక్‌వాష్‌కు 500 లీటర్లు. రోబో బుట్ట కడగడానికి రెండు బకెట్లు చాలు. వారానికోసారి లెక్క వేసుకున్నా ఏడాదికి ఈ తేడా చిన్నది కాదు. కరెంటు కూడా అంతే. 150 నుంచి 200 వాట్ల రోబో రెండు గంటలు తిరిగితే అర యూనిట్ కూడా కాదు. ఒక హార్స్‌పవర్ పంపు ఎనిమిది గంటలు ఆడితే 6 యూనిట్ల పైనే. అలాగని పంపు మానేయడానికి లేదు. నీళ్ళు తిరగాలి, క్లోరిన్ కలవాలి. ఆ పని రోబోది కాదు.

నీళ్ళు ఎక్కడివన్నది కూడా అడగాల్సిన మాటే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి స్విమ్మింగ్ పూల్స్‌కు తాగునీళ్ళు వాడకూడదని చెప్పి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. మన దగ్గర హంద్రీ-నీవా కాలువ, అటు ఆదోని, ఎమ్మిగనూరు వైపు తుంగభద్ర దిగువ కాలువ ఉన్నాయి కానీ ఆ నీళ్ళు సేద్యానికీ తాగడానికీ వచ్చినవి. వాటి మీద పూల్ ఆశ పెట్టుకోకూడదు. మిగిలింది బోరు. బోరు నీళ్ళలో ఉన్న సున్నం ఆవిరి కాదు. మొదట లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీళ్ళతో పూల్ నింపి, ఆవిరైన 30,000 లీటర్లూ అదే బోరుతో పూడిస్తే ఎండాకాలం ముగిసేసరికి అది 830 దాటుతుంది. పూల్‌కు పనికొచ్చేది 200 నుంచి 400. నీటి అంచున టైల్స్ మీద తెల్లని చార కట్టేది అందుకే. రోబో బ్రష్ ఆ చారను గీకలేదు. పైపెచ్చు ఆ సున్నం రోబో వలకూ, బెల్టుకూ, ఫ్యానుకూ పడుతుంది.

దీనికి మన దగ్గరే చవకైన మందు ఉంది. ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడే చోట 100 చదరపు మీటర్ల మిద్దె మీద పడేదాంట్లో ఐదింట నాలుగు వంతులు పట్టుకున్నా 48,000 లీటర్లు. ఒక పూల్ నిండుతుంది. వాన నీళ్ళలో సున్నం దాదాపు ఉండదు కాబట్టి బోరు నీళ్ళతో కలిపితే రెండిటి దోషం విరుగుతుంది. ఒట్టి వాన నీళ్ళే పోస్తే మాత్రం అవి టైల్స్ మధ్య సిమెంటును తింటాయి. పూల్ కట్టేవాడు కప్పు నీళ్ళ పైపును సంపులోకి తిప్పమని ముందే చెప్తే బాగుండు. ఎక్కువమంది చెప్పరు.

బ్లీచింగ్ పౌడర్ మాట కూడా ఇక్కడే. చవకని సంచులకు సంచులు చల్లుతారు. దాంట్లో క్లోరిన్ మూడో వంతుకు కాస్త అటూఇటూ, మిగతాదంతా చాలావరకు సున్నం. తెల్లారి నేల మీద తెల్లని పొడి పేరుకుంటే రోబో పనిచేయలేదంటారు. రోబోను తిట్టేముందు సంచీ మార్చాలి. ద్రవ రూపంలో దొరికే హైపోక్లోరైట్‌తో ఈ బాధ లేదు.

మట్టి సంగతి మరీ ముఖ్యం. పత్తికొండ, తుగ్గలి వైపు ఎర్రనేల. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నల్లరేగడి. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుక్కునేది ఏ వానకో, ఆ వానే పూల్‌ను టీ రంగుకు తెస్తుంది. రోబోలో వచ్చే మామూలు వల 150 నుంచి 200 మైక్రాన్లు, సన్న వల 50 మైక్రాన్ల ప్రాంతం. బంకమట్టి రేణువు 2 మైక్రాన్ల లోపే. రోబో ఆ నీళ్ళను ఇటు పీల్చి అటు చిమ్ముతుంది, అంతే. ఇసుక ఫిల్టరూ దాన్ని పూర్తిగా పట్టలేదు.

ఇలాంటప్పుడు చేయాల్సింది మన అవ్వలు చేసిందే. వాళ్ళు బానలో కలక నీళ్ళకు పటిక తిప్పేవాళ్ళు, లేదా చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు. పూల్‌లో కూడా పటికే. బకెట్‌లో కరిగించి సాయంత్రం నలుమూలలా చల్లి, గంటసేపు పంపు తిప్పి ఆపేయాలి. ఇసుక ఫిల్టర్ ఉంటే ఆ గంటా వాల్వును ఫిల్టర్‌కు కాకుండా రీసర్క్యులేట్ వైపు ఉంచాలి. తెల్లారేసరికి పైన నీళ్ళు తేటగా, కింద నేలంతా బురద దుప్పటి కప్పినట్టు ఉంటుంది. చూసిన వెంటనే రోబోను దించాలనిపిస్తుంది. దించకూడదు. దాని చక్రం తగలగానే ఆ మెత్తటి మడ్డి పొగలా లేచి రాత్రంతా పడ్డ కష్టం కలిసిపోతుంది. లేవనిది వలలో జిగురులా అంటుకుంటుంది. అప్పుడు మాత్రం చేతి వాక్యూమ్‌తో, వాల్వు వేస్ట్ వైపు తిప్పి, అడుగు కదిలీ కదలనట్టు నెమ్మదిగా లాగాలి. నీళ్ళు పోతాయి, తప్పదు. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చే ఈ పని కోసం చేతి వాక్యూమ్, పొడుగు కర్ర, హోస్ ఇంట్లో ఉండాల్సిందే. రోబో వచ్చిందని వాటిని అటకెక్కించినవాళ్ళు తొలకరికి దించుకుంటారు.

ఇప్పుడు ఎంపిక. వైరుతో నడిచేదా, బ్యాటరీదా అన్నదే ఈ రోజుల్లో పెద్ద చర్చ. బ్యాటరీ రోబోకు చిక్కుపడే కేబుల్ లేదు, కరెంటు లేనప్పుడూ తిరుగుతుంది, ధర కూడా తక్కువే ఉండొచ్చు. వినడానికి మన ఊరి కోసమే చేసినట్టుంటుంది. నేను మాత్రం వైరుదే కొనమంటాను. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల వేడి దాటాక చార్జ్ చేయకూడదు. మేలో 42 డిగ్రీల ఎండలో పంపు రూము రేకుల కింద వేడి ఎంతుంటుందో ఒకసారి లోపలికి పోయి చూస్తే చాలు. రెండు మూడేళ్ళకు బ్యాటరీ బలం తగ్గుతుంది. కొత్త ప్యాక్ కోసం కొరియర్ వాళ్ళతో లిథియం గొడవ వేరే. 2023లో అమెరికాలో ఐపర్ ఎలైట్ ప్రో జీఎస్100 రకాన్ని చార్జింగ్ దగ్గర వేడెక్కి కాలే ప్రమాదం ఉందని వెనక్కి పిలిపించిన సంగతి కూడా గుర్తుండాలి. ఆ తర్వాత వచ్చిన మోడళ్ళు మెరుగుపడి ఉండొచ్చు. రేకుల షెడ్డు వేడి మాత్రం మారలేదు. ఇంటి పక్కనే నీడలో గది ఉండి, పూల్ చిన్నదై, పగటి కరెంటు నమ్మకం లేకపోతే బ్యాటరీదాన్ని కాదనను.

వైరు రోబోకు నీళ్ళలోకి పోయేది దాదాపు 24 నుంచి 30 వోల్టుల డీసీ కరెంటు. గట్టున ఉండే పవర్ బాక్స్‌కు మాత్రం 230 వోల్టులు. అమెరికా నుంచి సూట్‌కేసులో వచ్చే రోబోల ప్రాణం పోయేది ఇక్కడే. బాక్స్ వెనక లేబుల్ మీద 100-240 అని ఉంటే సరే. 115 లేదా 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టిన క్షణమే దాని ఆయుష్షు తీరుతుంది. వారంటీ కూడా సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. కొడుకు ప్రేమ గొప్పదే కానీ, ఆ డబ్బు పంపించి ఇక్కడి డీలరు దగ్గర కొనిపిస్తే ఇంకా మేలు.

పవర్ బాక్స్ పూల్ అంచుకు కనీసం 3 మీటర్ల దూరంలో, నీడలో ఉండాలి. పాయింటుకు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎన్నేళ్ళయిందో అడగండి. ఎండాకాలంలో ఆ గుంతకు నీళ్ళు పోసేవాళ్ళు అరుదు. వోల్టేజీ ఎగిరిపడే లైను అయితే స్టెబిలైజర్ పెట్టాలి. రోబో తిరుగుతుండగా ఎవరూ నీళ్ళలో దిగకూడదు, చిన్నపిల్లలైతే మరీను.

బ్రష్ విషయంలో ఒక్క మాట. మన పూల్స్‌లో ఎక్కువగా అంటించేది నీలం మొజాయిక్ గాజు టైల్స్. నున్నటి గోడ మీద పీవీసీ బ్రష్ జారిపోతుంది, పట్టు కోసం స్పాంజి లాంటి పీవీఏ రోలర్ ఉన్న రకం అడగాలి. గరుకు సిమెంటు పూల్‌కు పీవీసీ చాలు. బుట్ట పైనుంచి తీసేదై ఉండాలి, సన్న వల, పెద్ద వల రెండూ దొరకాలి. వేపపూత రాలే నెలలకు పెద్ద వల, గాలిదుమ్ము నెలలకు సన్న వల. పూల్ పక్కన చింతచెట్టు ఉంటే ఆ ఆకు వల కన్నుల్లో ఇరుక్కుంటుంది, బ్రష్‌తో రుద్దితే తప్ప రాదు.

గైరో, మ్యాపింగ్, ఫోన్ యాప్ గురించి అమ్మేవాళ్ళు గంటసేపు చెప్తారు. కిడ్నీ ఆకారంలోనో, ఎల్ ఆకారంలోనో ఉన్న పెద్ద పూల్‌కు వాటి అవసరం ఉంది. 8 బై 4 పలక పూల్‌లో దారి తెలియని రోబో కూడా రెండు గంటల్లో మూలమూలా తడుముతుంది. జానెడు లోతు మెట్ల మీద చాలా రోబోలు ఎక్కవు; అక్కడ చేతి బ్రష్షే. ఇక ధర. ఒక మాదిరి రోబోకే కొత్త మోటార్‌సైకిల్ డబ్బు అవుతుందనుకోవాలి. మోటార్‌సైకిల్‌కైతే ఆదోనిలో మెకానిక్ ఉన్నాడు.

అసలు పరీక్ష మెకానిక్కే. చెడిపోతే హైదరాబాద్‌కో బెంగళూరుకో పార్శిల్ వేయాలి. రోబో మోటారు సీలు వేసిన డబ్బా. బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపుకు తీసుకుపోతే విప్పగలరు, మళ్ళీ నీళ్ళు దిగకుండా మూయలేరు. అందుకని డీలర్‌ను మోడల్ గొప్పలు అడగడం మాని బెల్టు, బ్రష్, వల, ఫ్యాను, కేబుల్, పవర్ బాక్స్ విడిగా ఎంతకిస్తారో, స్టాకులో ఉన్నాయో కాగితం మీద రాయించుకోవాలి. రాసివ్వనంటే ఇంకో డీలర్‌ను చూసుకోవాలి.

నిర్వహణలో చాలావరకు తోట చూసుకునే మనిషి చేతిలో ఉంటుంది. డబ్బు పెట్టింది ఓనరే అయినా నేర్పాల్సింది ఆ మనిషికి. రోబోను నీళ్ళలో దించగానే బటన్ నొక్కకూడదు. తలకిందులు చేసి ఊపితే బుడబుడమని గాలి బయటికొస్తుంది. ఆ గాలి పోయాక వదిలితే తనంతట అడుక్కు చేరుతుంది. అప్పుడే ఆన్ చేయాలి. గాలి ఉండగా ఆన్ చేస్తే పైనే తేలి గిరగిరా తిరుగుతుంది. గట్టు మీద ఆడించి చూపిస్తే మరీ చేటు, నీళ్ళు లేకపోతే సీళ్ళు కాలిపోతాయి. పని అయ్యాక కేబుల్ పట్టి అంచు దాకా మెల్లగా లాగొచ్చు కానీ ఎత్తేది మాత్రం పిడి పట్టుకునే. నీళ్ళు కారేదాకా అంచున పట్టి ఉంచితే 8, 10 కిలోలు. కారకముందే లేపితే నడుం పడుతుంది.

తీసిన వెంటనే బుట్ట కడగాలి. ఎండిన మట్టి వలను వదలదు. నెలకోసారి పైమూత స్క్రూలు విప్పి ఫ్యాను చూడాలి. ఆదోని వైపు జిన్నింగ్ మిల్లుల దగ్గరైతే వెంట్రుకలతో పాటు దూది పింజలు కూడా ఇరుసుకు తాడులా పేనుకుని ఉంటాయి. చిన్న పటకారుతో తీసేస్తే చాలు, కొత్త మోటారు అడగాల్సిన పనిలేదు. వలకు సున్నం పడితే నిమ్మఉప్పు నీళ్ళలో నానబెట్టాలి. పూల్‌లో వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాని దగ్గరికి తేకూడదు. ఆ యాసిడ్ గట్టున పడినా నష్టమే. పూల్ చుట్టూ పరిచే బేతంచెర్ల నాపరాయి సున్నపురాయే కదా, చుక్క పడ్డచోట నురగ కక్కి మచ్చ పడుతుంది. కేబుల్ మెలికలు పడితే వారానికోసారి ఎండలో నిటారుగా పరిచి గంటసేపు వదిలేయాలి. రోబోను మాత్రం ఎండలో వదలకూడదు.

క్లోరిన్ ఎక్కువ మోతాదు వేసిన రోజున రోబో బయటే ఉండాలి. చాలా కంపెనీలు క్లోరిన్ 4 పీపీఎం దాటితే, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య లేకపోతే దించొద్దంటాయి. నీళ్ళ వేడికి కూడా 34, 35 డిగ్రీల దగ్గర గీత గీస్తాయి. నీడ లేని పూల్ మే నెల మధ్యాహ్నం ఆ గీత దగ్గరికి వస్తుంది, అందుకని తెల్లవారుజామున నడపడం మంచిది. రోజూ అక్కర్లేదు. దుమ్ము నెలల్లో వారానికి మూడుసార్లు, మిగతా రోజుల్లో ఒకటి రెండుసార్లు. సోమరితనానికి దాన్ని పూల్ అడుగునే వదిలేసేవాళ్ళుంటారు. అలా వదిలితే బ్రష్షులు, బెల్టులు రెండేళ్ళు వచ్చేవి ఒక్క ఏడాదికే బిరుసెక్కి పగులుతాయి.

ఇంతా చెప్పి, 5 బై 3 మీటర్ల లోపు పూల్ ఉన్నవాళ్ళను రోబో కొనొద్దంటాను. అరగంట చేతి వాక్యూమ్‌తో అయ్యే పని అది. అంతకంటే పెద్దదైతే డబ్బు పెట్టే వరుస ఇలా ఉండాలి: మొదట కవర్, తర్వాత మిద్దె నీళ్ళ పైపు, ఆ తర్వాత మంచి ఇసుక ఫిల్టర్, నీళ్ళు పరీక్షించే కిట్. మిగిలితే రోబో. ఫారం పాండ్‌లోకి దించొచ్చా అని అడిగేవాళ్ళూ ఉంటారు. సేద్యం కుంటలో చేరే ఒండ్రు మోకాలి లోతు ఉంటుంది. బుట్ట రెండు నిమిషాలకే నిండుతుంది. దానికి పార, తట్ట, నలుగురు కూలీలు.